పాత బరోలోకు తీర్పరి యెవరు?

ఇటలీ దేశపు వాయవ్యభాగమున, పియెమోంటే ప్రాంతములో, ఆల్బా పట్టణమునకు చేరువగా నున్న లాంగే కొండలమీద పండు నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే చేయబడు బరోలో యను ఎఱ్ఱని ఆసవము, కోత జరిగిన యేటి నవంబరు ఒకటవ తేదీ మొదలుకొని 38 మాసములు నిండినగాని, అందు 18 మాసములు కొయ్యపీపాలో గడపినగాని అంగడికి రాగూడదని ఆ దేశపు చట్టము శాసించుచున్నది. చీటీమీద ‘రిజెర్వా’ యని వ్రాసికొనదలచిన వారు 62 మాసములు వేచియుండవలయును. ఈ గడువు తీరిన మఱునాడే ఆ సీసా చట్టము దృష్టిలో సిద్ధమైనట్లు. కాని ఆనాడే దానిని తెఱచి రుచి చూచినవాడు, చిగుళ్లు బిగిసి, నాలుక యెండి, ఇంత ధనము పోసి కొన్నది దీనికొఱకా యని విస్తుపోవుట కలదు. అదే ఆసవమును ఇరువదియేండ్లు భద్రముగ దాచి తెఱచినవానికి జీవితమున మఱవరాని పరిమళము లభింపవచ్చును. ప్రాణము పోయిన పులినీరును లభింపవచ్చును. సీసా పైనుండి చూచిన ఈ రెండును ఒక్క తీరుగనే యుండును.

నా అభిప్రాయమును మొదటనే చెప్పివేయుట మేలు. పాత బరోలో పరిపాకమును నిర్ణయింపగల సాధనము ఒక్కటే కలదు. అది యొక సాయంకాలమంతయు, భోజనముతో కూడ, ఆ యొక్క సీసాతోనే గడపగలిగిన మనుష్యుని నాలుక. పుట్టిన యేడు, గ్లాసులోని రంగు, పత్రికలవారు వేయు మార్కులు, ఏ యేటినుండి ఏ యేటిలోపల త్రాగవలెనో నిర్దేశించు పట్టికలు, ఇవియన్నియు సాక్షులేగాని తీర్పరులు కావు. వారిలో కొందఱు కూటసాక్షులు కూడ.

మద్యమనగనే మొగము చిట్లించు పాఠకులు మన పత్రికలకు పెక్కుమంది కలరని యెఱుగుదును. వారిని నేను త్రాగుమని ప్రోత్సహింపబోవుట లేదు. ఒక వస్తువు ఎప్పుడు పక్వమైనదో తేల్చుట యెట్లు, ఆ తేల్చువానిని నమ్ముట యెట్లు అను ప్రశ్న త్రాగనివారికి సైతము ఆలోచింపదగినదే. ఆసవారిష్టములు పాతపడినకొలది గుణవంతము లగునని శార్ఙ్గధరుని నాటి వైద్యులే చెప్పియుండిరి గావున, పులిసిన రసమును కాలము మార్చుననుట మనకు క్రొత్తమాట గాదు. వారు చూచినది ఔషధగుణము, ఇచట విచారింపబడునది రుచి, అంతియే భేదము.

చిక్కంతయు నెబ్బియోలో స్వభావమునందే యున్నది. ఈ తీగ అన్నిటికంటె ముందుగా చిగిర్చి, అన్నిటికంటె వెనుకగా పండును. అక్టోబరు మాసమున లోయలలో పొగమంచు క్రమ్మువేళకు గాని దాని కోత ముగియదు. తొక్క పలుచన, రంగు స్వల్పము. అయినను తొక్కయందును గింజయందును దాగిన వగరునకు మితిలేదు, పులుపునకును కొదువలేదు. గ్లాసులో పోసినపుడు అడుగున నున్న వ్రేలు కనబడునంత పలుచని యెఱుపు చూచి, ఇది సాధుస్వభావము గలదని భ్రమపడినవానికి మొదటి గ్రుక్కలోనే శిక్ష పడును. కొండనుండి కొండకు తారతమ్యమును కలదు. లా మొర్రా గ్రామము వైపున నీలిబూడిదరంగు సున్నపుమన్నుమీద పండినది సాధారణముగా పరిమళప్రధానమై కొంత త్వరలో మెత్తబడును; సెర్రలుంగ, మోన్‌ఫోర్తె గ్రామముల వైపున, భూగర్భశాస్త్రజ్ఞుల లెక్కలో మఱింత ప్రాచీనమై యిసుకఱాతిపొరలతో గట్టిపడిన నేలమీద పండినది, పదేండ్లు గడచినను పట్టు విడువదు. 1961లో ఆల్‌ఫ్రేదో కుర్రాదో, బెప్పె కొల్లా యను ఇద్దఱు ఆసవకారులు, ఊరూరి పండ్లను కలిపి చేయు పూర్వాచారమును మాని ఒక్కొక్క తోట పంటను వేఱుగ సీసాలకెక్కించి తోట పేరు పెట్టిరి; తరువాతి దశకములలో రెనాతో రత్తి యనువాడు ఆ తోటలకు పటము గీసెను; 2010వ సంవత్సరపు పంటనుండి ఆ పేర్లు చట్టబద్ధములైనవి. కావున ‘బరోలో ఎన్నేండ్లకు పండును’ అను ప్రశ్న వేయుటయే పొరపాటు. ఏ కొండ బరోలో, ఎవరి చేతి బరోలో, ఏ యేటి బరోలో యని యడుగవలయును.

ఈ వగరు విషయమున కొంత నిలిచి మాటాడవలసియున్నది. మన పూర్వులు కషాయమును షడ్రసములలో నొకటిగా గణించిరి. నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది దానిని రసముగాగాక స్పర్శగా పరిగణించుచున్నారు. లాలాజలమున నుండు మాంసకృత్తులను, టానిన్లు అను వగరు పదార్థములు పట్టుకొని ముద్దకట్టించుటచేత నోటికి సహజమైన జారుడుతనము తొలగి గరుకుదనము కలుగుననుట వారి వివరణము. ఏ పద్దులో వ్రాసికొన్నను అనుభవ మొక్కటే. సీసాలోని దీర్ఘకాలవాసములో ఈ టానిన్లు రంగునిచ్చు పదార్థములతోను, తమలో తామును కలిసికొని, కొంతభాగము బరువెక్కి అడుగున మడ్డిగా దిగును. మిగిలిన భాగము నాలుకను మునుపటివలె నొప్పింపదు. అణువులు పెద్దవగుటయే యీ మెత్తదనమునకు కారణమని పాఠ్యగ్రంథములు చిరకాలము బోధించినవి. పుల్లని ద్రవములో ఆ గొలుసులు తెగుచు మరల అతుకుచు నుండునని తరువాతి పరిశోధనలు తెలుపుటచేత ఆ వివరణము ఇపుడంత సూటిగా నిలువదు. పులుపు మాత్రము ఏండ్లు గడచినను దాదాపు ఉన్నచోటనే యుండును. పండురుచియో, రోజురోజునకు కరగుచునే యుండును.

ఇట్లొక పందెము నడచుచున్నది. ఒకవైపు వగరు తగ్గుచున్నది, మఱియొకవైపు పండు తగ్గుచున్నది. పండు పూర్తిగా తొలగిపోకమునుపే వగరు దారి యిచ్చిన కాలమేదియో, అది ఆ సీసాకు పరిపాకకాలము. ఏ యాసవమున ఆదినుండియు పండు చాలదో, దానిలో వగరు దిగివచ్చునప్పటికి లోపల ఏమియు మిగులదు. అట్టిదానిని ఎన్నాళ్లు దాచినను ముసలిదగునేగాని పండదు. పసినాడు సమతూకము లేనిదానికి కాలము సమతూకమును దానము చేయునను నమ్మకము, పాతసీసాల వర్తకులకు మిక్కిలి లాభదాయకమైన నమ్మకము.

ఇక సాక్షులను ఒక్కొక్కరిగా పిలువవచ్చును. మొదటిది రంగు. ఎఱ్ఱని ఆసవము పసినాడు కెంపువలె నుండి, వయస్సు వచ్చినకొలది గ్లాసు అంచునుండి మొదలుపెట్టి గోమేధికచ్ఛాయకును, అటుపై ఇటుకవన్నెకును మారుననుట వాస్తవమే. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు కాబెర్నే ద్రాక్షవిషయమున ఈ గుఱుతు కొంత పనికివచ్చును. నెబ్బియోలో విషయమున ఇదియే మొదటి కూటసాక్షి. నెబ్బియోలో తొక్కలో రంగునకు స్థిరత్వము నిచ్చు మాల్విడిన్ పాలు తక్కువ; గాలి తగిలినంతనే చెదరు సయనిడిన్, పియొనిడిన్ వర్గపు రంగుల పాలెక్కువ; అందుచేత నాలుగైదేండ్లకే, లోపల వగరు ఇంకను భగభగ మండుచుండగనే, అంచున నారింజచ్ఛాయ తోచును. దానిని చూచి పక్వమైనదని తీర్పుచెప్పినవాడు పసిబిడ్డకు వృద్ధాప్యపు పింఛను మంజూరుచేసినవాడగును. రంగు మనుష్యుని ముక్కును సైతము ఏమార్చగలదు. 2001లో ప్రకటితమైన బోర్డో పరిశోధనలో, ఆసవశాస్త్రము చదువుచున్న 54 మంది విద్యార్థులకు, వాసనలేని యెఱ్ఱరంగు కలిపిన తెల్ల ఆసవము నొసంగగా, వారు దానిని ఎఱ్ఱ ఆసవములకు వాడు మాటలతోనే వర్ణించిరి. కన్ను ముందుగా తీర్పు వ్రాసిపెట్టగా ముక్కు వ్రేలిముద్ర వేసినది. రంగునుండి నేను గ్రహించునది అంచు వన్నె గాదు, నడుమనున్న కాంతి. అది మసకబాఱి, గోధుమరంగు నడిమివఱకును ప్రాకినచో మాత్రము అనుమానింపవలయును.

రెండవది వాసన. దీనిని అంత తేలికగా త్రోసిపుచ్చరాదు. పసి బరోలో క్రొత్తగులాబీలను, పుల్లని చెఱ్ఱీపండ్లను తలపించును. కొన్నేండ్లకు ఏ వాసనయు నీయని మూగదశ యొకటి వచ్చును, ఆ దశలో తెఱచినవారు దానిని చచ్చినదిగా తలచి పాఱబోయుట కలదు. ఆ పిమ్మట ఎండిన గులాబిరేకులు, తారు, తోలు, వానకు తడిసిన ఆకుల క్రింది మన్ను, ఆల్బా ప్రాంతమున శరదృతువులో త్రవ్వితీయు తెల్ల ట్రఫుల్, ఎండిన పొగాకు మొదలైనవి ఒండొంటి వెనుక తోచును. పొగాకు వాసన యన నేమో, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు బ్యారన్ల ప్రక్క పెరిగినవారికి విప్పి చెప్పనక్కఱ లేదు. ఈ యొక్క విషయమున వారి ముక్కు టూరిన్ నగరవాసి ముక్కునకు రవంతయు తీసిపోదు. అయితే ఈ యాకులు, మన్ను, తోలు ఉన్నంతమాత్రమున పరిపాకము సిద్ధించినట్లు గాదు. వాని అడుగున చెఱ్ఱీపండు ఇంకను ఊపిరి విడుచుచున్నదా లేదా యనునది అసలు ప్రశ్న. ఆకులు మాత్రమే మిగిలి పండు లేకపోయిన యెడల పరిపాకము దాటిపోయినదని యెఱుగవలెను. కమిలిన సీమరేగు వాసన, ఎండిన అక్రోటు వాసన వచ్చినచో గాలి చొరబడినట్లు. సిర్కా వాసన ముక్కునకెక్కినచో సూక్ష్మజీవులు పని పూర్తిచేసినట్లు.

వయస్సునకు సంబంధములేని దోషములను వయస్సునకు అంటగట్టు వాడుక యొకటి కలదు. ఇది నాకు మిక్కిలి చిరాకు కలిగించును. తడిసిన అట్టపెట్టె వాసన, మూసిన గది బూజువాసన వచ్చిన సీసాను చూపి, ‘పాతది కదా, ఇట్లే యుండును’ అని సమాధానము చెప్పువారున్నారు. అది వార్ధక్యము గాదు. బిరడానుండి దిగిన ట్రైక్లోరో ఎనిసోల్ అను పదార్థపు దోషము. లీటరులో గ్రాములో శతకోటివంతులు కొన్ని యున్నను అది పరిమళమును చంపివేయగలదు. రెండేండ్ల సీసాకును ముప్పదియేండ్ల సీసాకును సమానముగనే పట్టును. అట్లే గుఱ్ఱపుసాల వాసన. శుభ్రముచేయని పాతపీపాలలో ప్రబలు బ్రెట్టనోమైసిస్ అను ఈస్టుజాతి దానికి మూలము. దానిని సంప్రదాయగాంభీర్యమని పొగడినవారు పూర్వమును కలరు, నేడును కలరు. మురికిని సంప్రదాయముగా కొలుచుట ఏ దేశమునందైనను ఒక్కటే జాడ్యము.

ఇపుడు నాలుక. పరీక్షకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. సీసాను ఒకటి రెండు దినములు నిలువుగ నుంచి మడ్డిని దిగనీయవలయును. మెడలో ఆసవపు మట్టము ఎంతవఱకున్నదో చూడవలయును. మట్టము భుజముల క్రిందికి దిగినచో బిరడా తన పని చేయలేదని యర్థము. పదునేడు పదునెనిమిది డిగ్రీల చల్లదనమున పోయవలయును. అంతకు మించి చల్లబఱచినచో పక్వమైన దానికి సైతము లేని వగరు పుట్టుకవచ్చును. పిదప గ్రుక్కెడు పుక్కిట నుంచి, ఎచట ఎండుచున్నదో గమనింపవలయును. పై పెదవికి చిగుళ్లకు నడుమ బిగింపు మొదలై, అది పండురుచిని వెలికి రానీయక మూసివేసినచో ఇంకను కాలము రాలేదు. బిగింపు లేక, పండునులేక, నడుమ డొల్లబడి పులుపొక్కటే మొనదేఱి నిలిచినచో కాలము దాటినది. వగరు ఉండియు అడ్డుపడక, మ్రింగిన పిమ్మట పండు వెనుకకు మఱలివచ్చి కొంతసేపు నిలిచినచో అది పక్వము. చెప్పుటకు ఇంతియే. ఈ తీర్పు మొదటి గ్రుక్కలో చేతికి రాకుండుటయే అసలు కష్టము.

ఇరువదియేండ్లు ఊపిరాడక యున్న ఆసవము తెఱచిన మొదటి అరగంటలో తన స్వరూపమును చూపదు. ఒక్కొక్కపుడు దుర్వాసన సైతము వేయును. అది కొంతసేపటికి తొలగును. ఆ మీదట మూడు తెఱగులలో ఒకటి జరుగును. ఆ యరగంట దాటగనే అద్భుతముగ వెలిగి, గంట గడవకమునుపే కుప్పగూలినచో, ఆ సీసాను నాలుగైదేండ్లు ఆలస్యముగ తెఱచినట్లు. రెండవ గంటలో మొదటి గంటకంటె మెఱుగై, భోజనము ముగియువఱకు ఆ స్థాయిని నిలుపుకొన్నచో దాని కాలమునందే తెఱచినట్లు. ఆ రాత్రి ముడుచుకొనియే యుండి, మిగిలిన దానికి బిరడా బిగించి యుంచగా మఱునాటి సాయంకాలమునకు విచ్చుకొన్నచో, దానితోడి సీసాలను ఇంకొక దశాబ్దము తాకనక్కఱలేదు. పరిపాకమును గూర్చి నేనెఱిగిన పరీక్షలలో ఇంతకంటె నమ్మదగినది మఱియొకటి లేదు. దీనికి పట్టు సమయమును ఏ యంత్రమును, ఏ నిపుణుడును కుదింపజాలడు.

భోజనమును ఊరక చేర్చలేదు. పియెమోంటే వంటయిండ్లలో గొడ్డుమాంసమును బరోలోలోనే ఊరవేసి, గంటలతరబడి సన్నని సెగమీద ఉడికింతురు. మాంసకృత్తులును క్రొవ్వును టానిన్లను ముందే పట్టుకొనుటచే నోటిమీద పడవలసిన వగరు దానిమీద పడును. ఉత్త కడుపున త్రాగి బిరుసని తేల్చిన ఆసవమే పళ్లెము ముందు మర్యాదగ మెలగును. ఈ కొండలవారు తమ ఆసవమును భోజనములేక తలచినవారు గారు గనుక, భోజనములేక దానిని కొలుచువాని కొలత వేఱొక వస్తువు కొలత యగుచున్నది.

ఇట్లుండగా ప్రపంచములో తీర్పులు ఎట్లు జరుగుచున్నవి? ఒక ఉదయమున తెల్లబట్ట పఱచిన బల్లమీద ముప్పది నలువది గ్లాసులు వరుసదీర్చి, ఒక్కొక్కదానిని ఒకటి రెండు నిమిషములు వాసన చూచి, పుక్కిలించి ఉమిసివేసి, నూటికిన్ని యని అంకె వేసి, ‘ఈ యేటినుండి ఆ యేటివఱకు త్రాగదగినది’ అని యొక గడువును జతచేయుదురు. అమెరికాలో రాబర్ట్ పార్కర్ అను ఆసవవిమర్శకుడు 1978లో పత్రిక ప్రారంభించినది మొదలు ఈ నూఱుమార్కుల పద్ధతి లోకమంతట ప్రాకినది. పది వగరు గ్లాసులు దాటిన నోరు పదునొకండవదానికి న్యాయము చేయగలదా? కాలిఫోర్నియా రాష్ట్రపు సంతలో జరుగు పోటీ తీర్పరులను రాబర్ట్ హాడ్జ్‌సన్ అను ఆచార్యుడు పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించెను. ఒకే సీసానుండి పోసిన ఆసవమును, వారికి తెలియకుండ, మూడు మాఱులు వేర్వేఱు గ్లాసులలో ఇచ్చి చూడగా, తాము వేసిన మార్కులను ఒకే పతకపు పరిధిలో నిలుపుకొనగలిగినవారు నూటికి పదిమంది మాత్రమే. వారు అయోగ్యులని నేననను. వారికి అప్పగించిన పని అయోగ్యమైనది. పసి ఆసవమునందలి దోషములను ఏఱివేయుటకు ఆ పద్ధతి కొంతవఱకు చాలును. ముప్పదియేండ్ల నెబ్బియోలో మూడు గంటలకు గాని చెప్పని మాటను ముప్పది క్షణములలో రాబట్టజూచుట విచారణ గాదు, దబాయింపు.

గడువు పట్టికల నిర్వాకమునకు 2000వ సంవత్సరపు పంట మంచి యుదాహరణము. ఎండ కాచిన యేడు; ఆసవములు మెత్తగ, నిండుగ, మొదటినుండియు నోటికింపుగ వచ్చినవి. ప్రఖ్యాతమైన అమెరికా పత్రిక యొకటి ఆ పంటకు నూటికి నూఱు వేసెను. ఇరుప్రక్కల నున్న 1999, 2001 పంటలు అపుడు బిరుసుగ, మూతి ముడుచుకొని యుండుటచే వెనుకబడినవి. కాలము గడచినకొలది ఆ రెండే లోతు గలవని, 2000 త్వరలోనే తన చేతనైనదంతయు ఇచ్చివేసినదని లాంగే ప్రేమికులలో పెక్కుమంది అభిప్రాయమునకు వచ్చిరి. 2002 మఱియు విచిత్రము. వడగండ్లును వానలును తోటలను పాడుచేయగా పలువురు తమ తోటపేర్ల బరోలోలను ఆ యేడు చేయనే లేదు. పట్టికలు ఆ యేటిని ఒక్క గీతతో కొట్టివేసెను. జియకోమో కోంతెర్నో వారి ఇంట మాత్రము, సెర్రలుంగలోని తమ తోటనుండి, ఏడేండ్లవఱకు పెద్దపీపాలో నుంచు మోన్‌ఫోర్తీనో యను రిజెర్వా ఆ యేడును తయారై, తరువాత మిక్కిలి ప్రశంస పొందెను. ఏటిని నమ్మినవాడు దానిని కొనియుండడు.

పరిపాకమును గూర్చిన ఈ కలహము పరీక్షించువారినడుమనేగాక చేయువారినడుమను చెలరేగినది. ఫ్రాన్సులోని బుర్గుండీ ప్రాంతమును చూచివచ్చిన ఏలియో అల్తారె యను యువకుడు 1983లో రంపపుయంత్రము పట్టి తండ్రి సెల్లారులోని పాత పెద్దపీపాలను కోసివేసెను. తండ్రి వానికి ఆస్తిలో హక్కు లేకుండ చేసెను. వాని వెంట కొందఱు యువకులు, తొక్కలను రసములో నెల రెండునెలలు నాననిచ్చు పూర్వపద్ధతిని మాని కొలది దినములకే తీసివేయుచు, వేల లీటర్లు పట్టు స్లావోనియా ఓకు పీపాలకు మాఱుగ 225 లీటర్ల క్రొత్త ఫ్రెంచి పీపాలను వాడి, ముప్పదియేండ్లు ఎదురుచూడనక్కఱలేని బరోలోను తెచ్చిరి. పాతవారిలో బార్తొలో మస్కరెల్లో యను పెద్దమనిషి ఇటలీ రాజకీయనాయకుడగు బెర్లుస్కోనీని సైతము కలిపికొట్టి, ‘చిన్నపీపా వలదు, బెర్లుస్కోనీ వలదు’ అను భావము గల చీటీని తన చేతితో వ్రాసి సీసాలకంటించెను. మందుపెట్టి మాగవేసిన మామిడికిని చెట్టున పండిన మామిడికిని గల భేదము ఇచటను గలదని పాతవారి వాదము. నేను పాతవారి పక్షము వైపే మొగ్గుదును. క్రొత్త కొయ్యనుండి వచ్చు వెనిలా వాసన తొలి యేండ్లలో పరిపాకమువలె నటించి, పండు తగ్గిన పిదప తానొక్కటియే మిగులుటను పలుమాఱులు చూచియుంటిని. అయినను ఆ యువకులకు చెల్లవలసిన ఋణము కలదు. పాతపీపాల మురికిని ప్రశ్నించినది వారే. నేడు సంప్రదాయవాదులమని చెప్పుకొనువారి సెల్లార్లు ఇంత శుభ్రముగ నుండుట ఆ రంపపు చలవయే. ఇపుడు ఇరుపక్షములును నడిమికి వచ్చినవి, కలహము చల్లబడినది.

టస్కనీలోని మోంతల్చీనోలో బ్రునెల్లో యను ఆసవమును చేయు బియోందీ సాంతి వారి ఆచారము నన్ను ఇంకొక సందేహమున పడవేయుచుండును. వారు తమ పాత రిజెర్వా సీసాలను బిరడా తీసి, రుచి చూచి, తగ్గిన మట్టమును అదే యేటి ఆసవముతోనే నింపి, క్రొత్త బిరడా వేయుచు వచ్చిరి. ఇట్లు చేసిన సీసా తక్కిన సీసాలకంటె దృఢముగ నుండుట సహజము. అయితే అది ఒక సీసా వయస్సా, రెండు సీసాల వయస్సా? పరిపాకమును ఇంటిపెద్దలే మధ్యమధ్య పరీక్షించుటవలన ఆసవమునకు మేలే గలుగును గాని, కొన్నవానికి చెప్పి చేయవలసిన మేలు అది.

ఎండలు ముదురుటచేత లాంగే కొండల లెక్కలన్నియు మాఱుచున్నవి. 2003, 2017, 2022 వంటి వేడియేండ్లలో పండు ముందుగా తీపెక్కి, వగరు పండకమునుపే చక్కెర నిండుచున్నది. పదునాలుగున్నర శాతమునకు మించిన మద్యసారము ఇపుడు వింత గాదు. 1964, 1971, 1978 పంటల అనుభవముమీద కట్టిన గడువులు వీనికి వర్తించునని చెప్పగలవారెవరు? పట్టిక నమ్మువాడు గతమును నమ్ముచున్నాడు. ఆ గతమునాటి వేసవు లిప్పుడు లేవు.

వేసవి మాట వచ్చినది గనుక మనవారికి సంబంధించిన విషయము నొకటి చెప్పవలసియున్నది. అమెరికానుండియు ఐరోపానుండియు వచ్చు పిల్లలు పెద్దలకు కానుకగ తెచ్చిన బరోలో సీసాలు, హైదరాబాదు విజయవాడ యిండ్లలో అద్దాల బీరువాలో బొమ్మలప్రక్కన నిలువుగ నిలిచి, ఏడెనిమిది వేసవులు గడపి, ‘పాతబడినకొలది మంచిది’ అను మాట నమ్మకముతో ఏ శుభకార్యమునకో తెఱవబడుచున్నవి. ఈ యాసవము పండుటకు పండ్రెండు మొదలు పదునైదు డిగ్రీలవఱకు ఎడతెగని చల్లదనము, చీకటి, బిరడా తడిసియుండునట్లు అడ్డముగ పరుండుట కావలయును. మే మాసమున నలువది దాటు మన యెండలో ద్రవము పొంగి బిరడాను త్రోయును, రాత్రి ముడుచుకొని గాలిని పీల్చును. రెండు వేసవులకే ఉడికిన జాము వాసన పుట్టును. దానికి వయస్సని పేరుపెట్టి అతిథులకు పోయుచున్నాము. వారును మర్యాదకొఱకు తల యూపుచున్నారు. పైగ గుంటూరు మిరపకారము దట్టించిన మాంసముతో దానిని జతచేసినచో, కారము మద్యసారపు మంటను, వగరును రెండింతలు చేయును. మిరియము, ధనియాలు, నేయి ముందుండి కారము వెనుకనుండు వేపుళ్లతోనైనచో కొంత పొసగును. ఉష్ణోగ్రతను నిలుపు పెట్టె యింట లేనివారు పాతసీసా జోలికి పోకుండుటయు, వచ్చిన కానుకను వచ్చిన యేడే, సాయంకాలమున భోజనమునకు రెండుగంటల ముందు తెఱచి వెడల్పైన పాత్రలోనికి వంచి త్రాగుటయు మేలు. తామే కొనదలచినవారు అదే కొండలమీద, అదే ద్రాక్షతో చేసి తక్కువ వెలకు అమ్ము లాంగే నెబ్బియోలోను అడిగి తీసికొనవలయును. దానిని చేసినవారే రెండు మూడేండ్లలో త్రాగుటకని చేసిరి.